ఎలుగు కోసం ఊరిపని

వంతెనని ఏరు పట్టుకుపోయిన వరదకి ఏడో ఏడు అది. వంతెన పోయాక మా సచాపంబకి రావాలన్నా, ఇక్కణ్ణించి పోవాలన్నా తాడుపెట్టె ఒక్కటే దారి. ఏటి మీద ఇనుపతాడు, దానికి వేలాడే రేకు పెట్టె. ఇద్దరు ఎక్కితే నలుగురు లాగాలి. ఆవు ఎక్కదు. శవం ఎక్కుతుంది కాని బంధువులు ఒప్పుకోరు.

వంతెన కావాలని మా ప్రెసిడెంటు రొసెందో అర్జీ మీద అర్జీ పెట్టాడు. ప్రతి అర్జీకీ పట్నం వెళ్ళాడు, ప్రతిసారీ కొత్త టోపీతో దిగాడు. వంతెన దిగలేదు. ఆ ఏడు మాత్రం టోపీతో పాటు ఒక సంగతి పట్టుకొచ్చి, ఊరిని చావడిలో కూచోబెట్టాడు.

"పక్క లోయవాళ్ళకి వంతెన ఎలా వచ్చిందో తెలుసా? ఎర్ర కొండకోడి వల్ల!"

"కోడి వంతెన కట్టిందా?" అన్నాడు బెనిగ్నో. మా పెద్దమ్మాయికి జ్ఞానస్నానంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు, అందుకని నాకు కొంపాద్రే. తాగనప్పుడు కూడా అలాగే మాట్లాడతాడు.

"నవ్వండి, నవ్వండి. ఆ కోడి పొద్దున్నే గెంతులేస్తుంది. చూడ్డానికి ఎక్కడెక్కడి దొరలో వస్తారు. దొరలు తాడుపెట్టె ఎక్కరు. అందుకని వంతెన. కింద అడవిలో వాళ్ళకి గులాబీరంగు డాల్ఫిన్ ఉంది, పడవరేవు వచ్చింది. సముద్రం ఒడ్డున వాళ్ళకి తిమింగలం ఉంది, తారురోడ్డు వచ్చింది. దీవులవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు, తాబేలు పేరు చెప్పుకుని విమానాలే దింపుకుంటున్నారు. మనకేముంది?"

అందరూ ఆలోచించారు. కొండరాబందు ఉంది, కాని అది మా మీదుగా పోవడమే తప్ప పడుకునేది వేరే ఊరి గుట్ట మీద. జింకలుండేవి, తిన్నాం. పొట్టి తొండం టాపిర్లుండేవి, అవీ తిన్నాం, గిట్టలు మూర్ఛకి మందని దాచుకున్నాం. నల్లకప్పలుండేవి. అవి ఎవరూ తినకుండానే పోయాయి.

"ఎలుగు ఉంది కదా" అన్నారెవరో.

ఊరంతా నా వైపు తిరిగింది. అడవి అంచున ఆఖరి పొలం నాది. నేను గోడ వైపు చూశాను. గోడ మీద ఏమీ లేదు, అయినా చూశాను.

"అసెన్సియో, నువ్వు చెప్పు. నీకు కనపడుతుందా లేదా?" అన్నాడు రొసెందో.

"ఏది?"

"ఎలుగయ్యా!"

"నాకు కళ్ళు సరిగ్గా ఆనవు."

రొసెందో జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఎలుగు ఉందని ఫోటోలతో రుజువైతే వంతెన ఇస్తారు. దానికి బదులు జలపాతానికి పైనున్న నేలంతా ఎలుగుకి వదిలెయ్యాలి. దున్నకూడదు, నాటకూడదు. "అంతే. పెద్ద కష్టమేం కాదు" అని మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు.

జలపాతానికి పైన ఊరు మొత్తానికి ఉన్నది ఒక్క పొలం. నాది.

ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తమన్నాడు. అందరి చేతులూ లేచాయి, నావీ మా ఆవిడ సోయిలావీ తప్ప. వంతెన కోసం ఊరు త్యాగానికి సిద్ధపడింది. తమ పొలం కాదు కాబట్టి చేతులు బాగా ఎత్తుగా లేచాయి.

ఆ పొలం మా నాన్న గొడ్డలితో తీసింది. కింద ఏటి పక్కన నాకో ముక్క ఉండేది, వరద దాని మీద రాళ్ళు పోసి పోయింది. మిగిలింది పైదే. మేమిద్దరం, విధవరాలై వచ్చిన మా చిన్నమ్మాయి, దాని పిల్లలు, అందరం తినేది ఆ మొక్కజొన్నే. అది పోతే నేను ఏదో ఒకరి పొలంలో కూలికి వంగాలి. డెబ్భై దాటినవాణ్ణి ఎవరు పిలుస్తారు?

ఎలుగు సంగతంటారా, అది ఏటా వచ్చేది. కండెలు పాలు పట్టే రోజుల్లో అడవి వైపు గట్టు దిగి రెండు సాళ్ళు తినేసి పోయేది. ఆడది. ముఖాన తెల్ల మచ్చ ఒక కంటి చుట్టూనే ఉంటుంది, రెండో కన్ను నల్లగా ఉంటుంది. నేను రెండు సాళ్ళు ఎక్కువ నాటేవాణ్ణి. ఎవరికీ చెప్పేవాణ్ణి కాదు. మునుపు చెబితే తుపాకీ తెచ్చేవాళ్ళు. ఇప్పుడు చెబితే కెమెరా తెస్తారు. పొలం పోవడానికి ఏదైనా ఒకటే.

పదిహేను రోజులకి పట్నం నుంచి ఇంజినీరు మొన్కాయో వచ్చాడు. ఆయన ఏ ఇంజినీరో మాకు తెలీదు. బూట్లు కొత్తవైతే మా దగ్గర ఇంజినీరు అంటాం. తాడుపెట్టెలో కళ్ళు మూసుకుని వచ్చాడు. దిగాక పాలిపోయిన మొహంతో నవ్వి, "అద్భుతం" అన్నాడు. ఏం చూశాడో మరి.

ఆయన దగ్గరో పెద్ద రంగుల పుస్తకం ఉంది. దేశంలో ఉన్న జంతువులన్నీ అందులో ఉన్నాయి. సముద్రం ఒడ్డువి, కొండవి, అడవివి, దీవులవి వేరువేరుగా. పేజీలు తిప్పుతూ మమ్మల్ని అడిగాడు.

"ఈ జింక ఉందా?"

"ఉంది, ఇంజినీరు గారూ."

"ఈ టాపిర్?"

"ఉందండీ, బోలెడు."

మా దగ్గర ఇంటికొచ్చినవాడు ఏదైనా ఉందా అని అడిగితే లేదనడం మర్యాద కాదు. ఉప్పు లేకపోయినా ఉందనే చెప్పి పక్కింటికి పరిగెత్తుతాం. ఆయనకి అది తెలీదు. పేజీ తిప్పాడు. గాలికి రెండు పేజీలు ఎక్కువ తిరిగాయి.

"ఇది?"

నీలిరంగు కాళ్ళున్న సముద్రపక్షి. రొసెందో దాన్ని చాలాసేపు చూశాడు. "వస్తుంది సార్. వానాకాలంలో."

ఇంజినీరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇది దీవుల్లో ఉండే పక్షి అండీ."

"అందుకే సార్, ఎప్పుడో గాని రాదు."

"మరి ఇది?" అని ఇంకో బొమ్మ చూపించాడు. పరీక్షకే చూపించాడని నాకు అనిపించింది. అది సముద్రసింహం.

"దీన్ని జలపాతం దగ్గర చూశాను. మీసాలు ఇలాగే ఉన్నాయి" అన్నాడు బెనిగ్నో.

"నువ్వు చూసింది మీ మామగారిని" అంది సోయిలా.

ఆడవాళ్ళు నవ్వారు. ఇంజినీరు నవ్వలేదు. ఆయన మా మాటలేవీ రాసుకోలేదు. మనుషులు చెప్పేది పనికిరాదు, యంత్రం చెప్పిందే లెక్క అన్నాడు. అడవిలోకి పోయి మూడు చెట్లకి మూడు కెమెరాపెట్టెలు కట్టాడు. ముందు నుంచి ఏది కదిలినా వాటంతటవే ఫోటో తీస్తాయిట. వాటికి అంకెలు వేసి, నలభై రోజుల్లో వస్తాను, ఈలోగా ఎలుగుకి ఇబ్బంది లేకుండా చూడండి అని చెప్పి కళ్ళు మూసుకుని ఏరు దాటాడు.

ఇబ్బంది లేకుండా అనే మాటని రొసెందో గట్టిగా పట్టుకున్నాడు. మర్నాడే చావడి గంట కొట్టించి ఊరిపని వేశాడు. ఇంటికొకరు, మచ్చుకత్తితో. రానివాళ్ళకి నీటి వంతు రెండువారాలు బంద్.

"అడవి చూడండి, ఎలా ఉందో! కంప, తీగలు, బురద. పెద్దమనుషులకి చూపించుకునే అడవేనా ఇది? బిషప్పు వచ్చినప్పుడు దారి ఎలా చేశాం? అలా ఉండాలి" అన్నాడు.

"ఎలుగు బిషప్పా?" అన్నాడు బెనిగ్నో.

"నోర్ముయ్. నీళ్ళు వద్దా నీకు?"

మూడు కెమెరాల దాకా దారి కొట్టాం. రెండు బళ్ళు పక్కపక్కన పోయేంత వెడల్పు. తీగలు నరికాం, పడిపోయిన మానులు దొర్లించాం. దారికి అటూ ఇటూ ఉన్న చెట్లకి నడుం ఎత్తు దాకా సున్నం వేశాం, చావడి ముందు చెట్లకి వేసినట్టే. కెమెరాలు కట్టిన మూడు చెట్లకీ రెండు పూతలు వేశాం. ఆడవాళ్ళు వంటలు పైకి తెచ్చారు, మొక్కజొన్న కల్లు, మా చిచా, కడవలతో తెచ్చారు, పాటలు పాడారు. రేడియో కూడా వచ్చింది. అడవికి అంత సందడి వరదప్పుడు కూడా లేదు.

ఆఖర్న రొసెందో తల పైకెత్తి చూశాడు. కొమ్మల నిండా వికుందోలు. అనాసలా ఉంటాయి, చెట్ల మీదే పెరుగుతాయి, ఎర్రటి పువ్వు. క్రిస్మస్ పశువులపాక కట్టడానికి ప్రతి ఇంటివాళ్ళూ రెండో మూడో కోసుకుంటారు. "అవి దించండి. ఇంజినీరు గారికి స్వాగతం తోరణం కడదాం. చెట్లు కూడా శుభ్రంగా కనపడతాయి" అన్నాడు.

వికుందో మొవ్వే ఎలుగు తిండి అని మా ఊళ్ళో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఎవరూ అనలేదు. నీటి వంతు పోతుంది. నాకు మాత్రం నీటి వంతు గుర్తు రాలేదు. తిండి లేకపోతే ఎలుగు శిఖరం దాటి అవతలి లోయకి పోతుంది, ఫోటో పడదు, నా పొలం నాకుంటుంది అనుకున్నాను. నా జన్మలో మొదటిసారి ఊరిపని నాకు పనికొచ్చింది.

అందుకని చెట్టెక్కాను. ఆ వయసులో. నేను కొట్టినన్ని వికుందోలు ఇంకెవరూ కొట్టలేదు. కింద బెనిగ్నో మోస్తూ మోస్తూ అలిసిపోయాడు.

"ఏమయ్యా కొంపాద్రే, నీ పొలం లాక్కునే పనికి ఇంత హుషారేంటి?"

"ఊరి కోసం."

"ఒంట్లో బాగుందా నీకు?"

రొసెందో అందరి ముందూ నన్ను చూపించి, ఊరి మనిషంటే ఇలా త్యాగం చెయ్యాలి అన్నాడు. చప్పట్లు కూడా కొట్టించాడు. నేను దిగి చిచా తాగాను.

నలభయ్యో రోజున ఇంజినీరు వచ్చాడు. తోరణం కింద నిలబెట్టి దండ వేశాం. కెమెరాలు విప్పి తెచ్చి, చావడి గోడ మీద దుప్పటి కట్టి, చిన్న యంత్రంతో దాని మీద ఫోటోలు వేశాడు.

మొదటి ఫోటో రొసెందోది. కెమెరా గాజులో చూసుకుంటూ తల దువ్వుకుంటున్నాడు. రెండోదీ అదే, టోపీతో. మూడోది ఎవరిదో వెనకభాగం, చాలా దగ్గర్నుంచి. అది ఎవరిదన్న దాని మీద కాసేపు వాదం జరిగింది. తర్వాత సున్నం బకెట్టు. మా కుక్క. పక్కింటి కుక్క. రెండూ కలిసి. ఆవులు. కోడి. అక్కడిదాకా కోడి ఎలా వెళ్ళిందో ఎవరికీ తెలీదు. బెనిగ్నో దారి మధ్యలో పడుకున్నవి పదకొండు, నాలుగు వేర్వేరు రోజులవి. ఒకదాంట్లో నేను, చేతిలో మచ్చుకత్తి, భుజాన వికుందోలు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాను. నాకు ఉన్న ఫోటో అదొక్కటే.

ఎలుగు లేదు. ఎలుకైనా లేదు.

ఇంజినీరు యంత్రం ఆపి అడిగాడు. "చెట్లకి సున్నం ఎవరు వేశారు?"

"అందరం సార్" అన్నాడు రొసెందో, ఇంకా మెచ్చుకుంటాడనే అనుకుంటూ.

"ఇక్కడ ఎలుగు లేదు. ఉండే అవకాశం కూడా లేదు. పర్యావరణ వ్యవస్థ దెబ్బతింది అని రాస్తాను."

రొసెందో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నేను తల దించుకుని కూచున్నాను, మొహం కనపడకుండా. పొలం దక్కింది. ఆ పూట ఇంజినీరు కోసం ఇళ్ళలో కూరకి పెంచే కుయ్ ఎలుకల్ని కాల్చారు. నేను రెండు తిన్నాను. మిగతావాళ్ళకి ముద్ద దిగలేదు.

ఇంజినీరుకి లేత కండెలు ఉడికించి పెడదామని సోయిలా పొలానికి వెళ్ళింది. ఖాళీ బుట్టతో, రొప్పుతూ చావడి గుమ్మంలో నిలబడింది.

"ఎలుగు లేదని ఇక్కడ ఏడుస్తున్నారా? అది నా చేలో భోంచేస్తోంది! పిల్లని కూడా వెంటేసుకొచ్చింది. లేవండి, ఎవరైనా వచ్చి తోలండి!"

నేను ఆమెకి కళ్ళతో సైగ చేశాను. చూసింది కూడా. "నీ సైగలు తర్వాత. అక్కడ తిండి పోతోంది" అంది.

ఊరు లేచింది. అందరికంటే ముందు రొసెందో, వెనక ఇంజినీరు, ఆ వెనక గిన్నెలు పట్టుకుని ఆడవాళ్ళు. ఎగువకి అంత వేగంగా మా ఊరు ఎక్కడం నేనెప్పుడూ చూడలేదు. నేను ఆఖరున చేరాను.

అదే ఎలుగు. ఒక కంటి చుట్టూ తెలుపు. పట్టపగలు చేలో కూచుని, మొక్కజొన్న కర్రని ఒళ్ళోకి వంచుకుని, కండె ఒలుచుకుని తింటోంది. పిల్ల పక్కన ఆకులు పీకుతోంది. శిఖరం దాటి ఎక్కడికీ పోలేదు. పైన తిండి నరికేస్తే కింద తిండికి వచ్చింది. నేను దాని స్థానంలో ఉన్నా అదే చేసేవాణ్ణి, అది మాత్రం నాకు తట్టలేదు.

"చూడండి సార్! ఎలుగు! ముప్ఫై అడుగుల్లో!" అన్నాడు రొసెందో.

ఇంజినీరు చూశాడు. ఫోన్ తీసి, ఎలుగుకి వీపు పెట్టి, తనూ ఎలుగూ పడేలా ఒక ఫోటో తీసుకున్నాడు. రొసెందో మొహం వెలిగిపోయింది.

"అయితే వంతెన వచ్చినట్టే కదా?"

"ఇదా? ఇది మా ఇంట్లో వాళ్ళకి చూపించడానికి. రుజువు కెమెరాది అయ్యుండాలి, అంకె వేసిన చోటిది. పైగా ఇది మొక్కజొన్న చేను. చేను పర్యావరణ వ్యవస్థ కిందకి రాదు."

"ఎలుగు వస్తుంది కదా సార్ ఎలుగు కిందకి?"

"అడవిలో ఉంటే వస్తుంది."

రొసెందో ఒక్క క్షణం ఆలోచించాడు. ఆయన ఆలోచించినప్పుడల్లా ఊరికి ఏదో ఒకటి జరుగుతుంది. "సార్, రెండో కెమెరా మళ్ళీ చెట్టుకి కట్టండి. ఇప్పుడే తోలుకొస్తాం" అని, ఊరి వైపు తిరిగి చెయ్యి ఊపాడు. "చుట్టూ తిరగండి! ఆడవాళ్ళు కింద నుంచి, మగవాళ్ళు ఈ పక్క నుంచి. పైకి తోలండి, సున్నం చెట్ల వైపు!"

తోలారు. గిన్నెలు వాయిస్తూ, కేకలు వేస్తూ చేలోకి దిగారు. నేను అరిచాను. "గట్టు మీద నుంచి తోలండి! చేను తొక్కకండి!" నిజంగా అరిచాను. ఎవరూ వెనక్కి తిరగలేదు. నేను గొంతెత్తడం ఎప్పుడూ విని ఉండరు, ఎవరో పరాయివాడు అనుకున్నారేమో.

ఎలుగు నిదానంగా లేచింది. పిల్లని ముందుకి నెట్టింది. పైకి పోలేదు. జనం తొక్కి చేసిన దారిలోంచే కిందకి దిగింది, బెనిగ్నో పక్క నుంచి. అతను చిప్పతో తల కప్పుకుని కూలబడ్డాడు. ఊరు దాని వెనక మళ్ళీ చేలోంచే పరిగెత్తింది. అది ఏటి దాకా పోయి, రాళ్ళ మీద దూకుతూ, పిల్లతో సహా అవతలి గట్టు ఎక్కింది. తాడుపెట్టె అవసరం పడలేదు.

అవతలి గట్టు వేరే ఊరిది. అక్కడ నిలబడి ఒకసారి ఒళ్ళు దులుపుకుని పొదల్లోకి పోయింది.

"వాళ్ళకిప్పటికే రోడ్డు ఉంది" అన్నాడు రొసెందో, ఏడుపు గొంతుతో.

ఇంజినీరు కెమెరాలు సంచిలో పెట్టుకున్నాడు. పోతూ పోతూ నా చెయ్యి పట్టుకుని, మీరు అదృష్టవంతులు, ఇంత దగ్గరగా చాలామంది చూడలేరు అన్నాడు. కళ్ళు మూసుకుని పెట్టె ఎక్కాడు.

జనం పోయాక నేనూ సోయిలా చేలో నడిచాం. ఎలుగు తిన్నది నాలుగు సాళ్ళు. అది కూచున్న చోట కర్రలు ఒద్దికగా పేర్చినట్టున్నాయి. మిగతాదంతా మనుషులు. బురదలో కండెలు, కండెల మీద బూట్లు. ఎవరిదో గిన్నె మూత కూడా దొరికింది.

"వికుందోలు అన్ని కొట్టమని నీకెవరు చెప్పారు?" అంది.

"రొసెందో."

"అందరికీ చెప్పాడు. అందరూ నాలుగేసి కొట్టారు. నువ్వొక్కడివే నలుగురి పని చేశావని బెనిగ్నో ఊరంతా చెబుతున్నాడు."

నేను గిన్నె మూతకి అంటిన బురద తుడిచాను.

"పొలం దక్కిందిగా. ఉడకపెట్టి పెడతా, తిను" అంది.

దారిలో రొసెందో ఎదురయ్యాడు. ఊరి తరఫున నష్టానికి విచారం అన్నాడు. చేను బాగు చెయ్యడానికి వచ్చే వారం ఊరిపని వేస్తానన్నాడు. వద్దని రెండు చేతులూ పట్టుకుని బతిమాలాను.

మర్నాడు తెల్లవారుతుండగానే తాడుపెట్టె ఎక్కి అవతలికి వెళ్ళాను. ఏటి పైన మొదటి పొలం సెలెదోనియోది. ఒక దూడ విషయంలో ముప్ఫై ఏళ్ళుగా మాకు మాటల్లేవు. గుమ్మంలో నిలబడితే ఎవరో పోయారనుకుని టోపీ తీశాడు.

"ఎలుగు నీ వైపు వచ్చింది, పిల్లతో. రెండు సాళ్ళు తింటుంది. తిననీ. మీ ప్రెసిడెంటుకి మాత్రం చెప్పకు" అన్నాను.

"ఏం, చెబితే ఏమవుతుంది?"

"మీ ఊళ్ళో ఎంతమంది?"

"రెండొందల మంది."

"మా ఊరు చిన్నది. అయినా ఒక్క కండె మిగల్లేదు" అన్నాను.

అతను నన్ను పై నుంచి కిందదాకా చూశాడు. లోపలికి వెళ్ళి, చూరుకి వేలాడే విత్తనం కండెల జత ఒకటి తెచ్చి నా భుజాన వేశాడు. మళ్ళీ పెట్టె ఎక్కి ఇవతలికి వచ్చి, ఇంటికి పోకుండా పలుగు తీసుకుని తిన్నగా పైకి వెళ్ళాను.